గల్ఫ్ ప్రయాణం – చేతిలో ఫోను



కోనసీమ నుండి, రాజంపేట, రాయచోటి ప్రాంతాల నుండి కువైటుకు, జగిత్యాల, నిజామాబాదు పల్లెల నుండి దుబాయికి మనవారు అనేకులు పనికి వెళ్తున్నారు. పూర్వం ఉత్తరం కోసం వారాల తరబడి ఎదురుచూసేవాళ్లం. ఇప్పుడు ఫోను ఉన్నది కదా అని ధైర్యంగా పంపుతున్నాము. అయితే ముందుగా సిద్ధపరచుకోని ఫోను పరదేశంలో దిగగానే మూగబోతుంది. అందుకే ఈ నెల కొన్ని మాటలు చెప్పదలిచాము.

మొదటిది, ఇక్కడి సిమ్ సంగతి. రోమింగ్ ప్యాకు లేకుండా అక్కడ నెట్ వాడితే నెల జీతంలో మంచి భాగం దానికే పోవచ్చు. విమానం ఎక్కకముందే డేటా రోమింగ్ ఆపివేయండి. అలాగని ఆ సిమ్‌ను పారవేయకండి. బ్యాంకు ఓటీపీలు దానికే వస్తాయి. రీఛార్జి లేక 90 రోజులు వాడకుండా వదిలేస్తే కంపెనీ ఆ నంబరును ఆపివేసి, తరువాత మరొకరికి ఇవ్వవచ్చు.

రెండవది, అక్కడి సిమ్‌ను మీ పేరనే తీసుకోండి. తోటివారు ఎంత బ్రతిమాలినా మీ పేరు మీద సిమ్ తీసి ఇవ్వకండి. దానితో వారు తప్పు చేస్తే పోలీసులు ముందుగా వెదికేది మిమ్మల్నే. అనుమతి లేకుండా ఇతరుల ఫొటోలు తీయడం దుబాయిలో నేరం. యజమాని ఇంటిని, పిల్లలను ఫొటో తీసి ఊరికి పంపకండి.

ఇంటి దగ్గర ఉన్నవారికి ఒక మాట. దుబాయికి మామూలుగా వాట్సాప్ కాల్ కలవదు. రాసిన మెసేజీ, మాట్లాడి పంపిన వాయిస్ మెసేజీ చేరతాయి. కాల్ కలవలేదని కంగారుపడవద్దు. కువైటు మనకన్నా రెండున్నర గంటలు వెనుక. మనం తెల్లవారుజామున ఐదింటికి ఫోను చేస్తే పగలంతా ఒళ్లు వంచి పనిచేసిన బిడ్డను రాత్రి రెండున్నరకు లేపినట్లే.

అన్నిటికంటే ముఖ్యమైనది వేరే ఉన్నది. ఫోను పగిలిపోవచ్చు, పోవచ్చు, యజమానురాలు తీసి దాచివేయవచ్చు. అప్పుడేమిటి దారి? ఈ రోజులలో భర్త నంబరు భార్యకే నోటికి రాదు. ఇంటి నంబరొకటి ముందు 91 చేర్చి కంఠస్థం చేయించండి. పాస్‌పోర్టు నంబరు, వీసా వివరాలు, యజమాని పేరు, ఇంటి చిరునామా, ఏజెంటు నంబరు, అక్కడి మన రాయబార కార్యాలయం నంబరు ఒక కాగితం మీద వ్రాయండి. ఒక ప్రతి ప్రయాణికుని దగ్గర, ఒక ప్రతి ఇంటి పెట్టెలో ఉండాలి. చేరిన తరువాత చిరునామా మారితే ఆ కాగితమూ మారాలి.

కబురు ఆగిపోయిన రోజున రాయబార కార్యాలయానికి వ్రాయాలన్నా, విదేశాంగ శాఖ వారి 'మదద్' ద్వారా ఫిర్యాదు చేయాలన్నా ముందుగా అడిగేది ఆ వివరాలే. "కువైటులో ఎక్కడో ఉన్నది" అని మాత్రమే చెప్పగలిగిన తల్లిదండ్రులకు ఎవరైనా ఎలా సహాయం చేయగలరు?

మీ ఇంట ఎవరైనా ప్రయాణానికి సిద్ధపడుతున్నారా? ఈ రాత్రి భోజనాలయ్యాక అందరూ కూర్చుని ఆ కాగితం వ్రాయండి. ఇప్పటికే వెళ్లినవారుంటే ఈసారి ఫోనులో మొదట చిరునామా అడగండి, డబ్బు సంగతి తరువాత.