చంద్రుని పండుగ రొట్టె



సింగపూరుకు పని నిమిత్తం వెళ్లిన ఒక కుమారుని తల్లి మమ్మును ఒక ప్రశ్న అడిగారు. అక్కడ చైనా జాతివాడైన మేస్త్రీ ఆ అబ్బాయికి పండుగ రొట్టెల పెట్టె ఇచ్చాడట. అది చంద్రుని పండుగ రొట్టె అని తెలిసి అబ్బాయి జంకాడు. "తినవచ్చునా, అయ్యగారూ?" అని ఆమె ప్రశ్న. ఒక్క మాటలో తేలే సంగతి కాదు గనుక ఆ పండుగ పుట్టుకను ముందు చూద్దాము.

చైనా పంచాంగంలో 8వ నెల 15వ దినము, అంటే నిండు పున్నమి, కోతల కాలం. పూర్వం అక్కడి రాజులు శరత్కాలంలో చంద్రునికి బలులు అర్పించేవారు. సుంగ్ వంశపు కాలానికి (960-1279) అది సామాన్యుల పండుగ అయింది. చాంగ్ ఎ అను స్త్రీ అమరత్వపు మందు మ్రింగి చంద్రునిలోనికి ఎగిరిపోయిందని కథ. వాకిట బల్ల వేసి, పండ్లు, రొట్టెలు ఉంచి, అగరువత్తులు వెలిగించేవారు నేటికీ ఉన్నారు. దీనిని మనం దాచనక్కర లేదు.

ఇక రొట్టె. పైన గోధుమపిండి పొర. లోపల తామర గింజలు ఉడికించి, మెత్తగా నూరి, చక్కెర, నూనె వేసి దగ్గరపడేవరకు కలిపిన పూర్ణం. బూరెలు వండే మన అమ్మలకు యీ పని కొత్త కాదు. నడుమ మాత్రం ఉప్పులో ఊరవేసిన బాతుగుడ్డు సొన! తీపిలో ఉప్పేమిటని మనకు తోచవచ్చు. కోసినప్పుడు అది పున్నమి చంద్రునివలె అగుపడుతుంది. అచ్చులో ఒత్తి కాలుస్తారు. ముక్కలుగా కోసి ఇంటిల్లిపాదీ పంచుకుంటారు. ఆ గుండ్రని ఆకారం కుటుంబమంతా ఒకచోట కూడుటకు గురుతు. దక్షిణ చైనాలో చేమదుంపలు, పంపరపనస కూడా తింటారు. యీ రొట్టెలలో చీటీలు దాచి తిరుగుబాటు కబురు పంపారనీ, అందుచేతనే 1368లో మంగోలుల ఏలుబడి పోయిందనీ చెప్పుకుంటారు. వినడానికి ఇంపుగా ఉంది గాని చరిత్రకారులు దానిని కట్టుకథగానే ఎంచుతారు.

పున్నమినాడు కోతపండుగ అనగానే ఉలిక్కిపడకండి. ఇశ్రాయేలీయుల పర్ణశాలల పండుగ కూడా వారి 7వ నెల 15వ దినముననే, పంట ఇల్లు చేరిన తరువాత ఆరంభమవుతుంది. 2025లో చైనావారి పండుగ అక్టోబరు 6న వస్తే, అదే సాయంత్రం పర్ణశాలల పండుగ మొదలైంది. తల్లిలేని, తండ్రిలేని పిల్లలనూ, విధవరాండ్రనూ, పరదేశులనూ ఆ సంతోషంలో కలుపుకోవాలని మోషే ఆజ్ఞాపించాడు (ద్వితీ. 16). పంట ఇచ్చినది ఎవరన్న దగ్గరే దారులు చీలుతాయి. చంద్రుని వెలుగు చూచి తన హృదయం మోసపోలేదని యోబు చెప్పుకున్నాడు (యోబు 31). మన సంఘాలలో వరి వెన్నులు, గుమ్మడికాయలు, కోళ్లు మోసుకొచ్చేది ఆ చంద్రుని చేసినవాని యెదుటికి.

కొరింథులోని విశ్వాసులకు ఇటువంటి చిక్కే వచ్చింది. ఎవరైనా పిలిచి వడ్డిస్తే ఆరాలు తీయకుండా తినమన్నాడు పౌలు; ఇది బలి అర్పించినది అని ఎవరైనా చెబితే మాత్రం, ఆ చెప్పినవాని మనస్సాక్షి నిమిత్తం మానమన్నాడు (1 కొరింథీ. 10). ఆ మేస్త్రీ ఇచ్చినది అంగడిలో కొన్న పెట్టె. ఇంటికి దూరంగా ఉన్న పిల్లవాణ్ణి తన పండుగలో కలుపుకోవాలని ఇచ్చాడు. తినమనే చెప్పాము. రేపు ఆ బల్ల దగ్గర అగరువత్తు వెలిగించమంటే నమ్రతగా కాదనమనీ చెప్పాము.

గుడ్డు వేసిన రొట్టె నెలల తరబడి నిలువ ఉండదు గనుక, పత్రిక అచ్చయ్యేదాకా ఆగక, యీ జవాబు ఆ తల్లికి ఫోనులో ముందే తెలియజేశాము.