గృహవిజ్ఞానం: బాంధనీ చీరకు తొలి ఉతుకు

ఉద్యోగరీత్యా రాజస్థాన్, గుజరాత్ ప్రాంతాలకు వెళ్ళివచ్చే మన ఉద్యోగ మిత్రులు ఇంటికి తెచ్చే కానుకల్లో బాంధనీ చీరది ప్రత్యేక స్థానం. జోధ్‌పూర్, జామ్‌నగర్, భుజ్ వంటి పట్టణాల్లో స్త్రీలు గోటి కొసతో గుడ్డను చిటికెడు పైకి లాగి, దారంతో బిగించి ముడివేస్తారు. మేలైన చీరలో ఇటువంటి ముడులు వేల సంఖ్యలో ఉంటాయి. రంగులో ముంచినపుడు ముడి లోపలికి రంగు చేరదు. ముడి విప్పినచోట నిలిచే చుక్కే ఆ చీరకు అందం.

చాలా ఏళ్ళ క్రితం నేనూ జోధ్‌పూర్ నుంచి ఒక ఎర్రని నూలు బాంధనీ చీర తెచ్చాను. శ్రీమతి పుట్టింటికి వెళ్ళిన సమయంలో, ఉప్పునీటిలో నానబెడితే రంగు నిలుస్తుందన్న మాట నమ్మి, బకెట్టు నీటిలో గుప్పెడు ఉప్పు వేసి చీరను రాత్రంతా ఉంచాను. తెల్లవారేసరికి తెల్లచుక్కలన్నీ గులాబిరంగుకు తిరిగాయి. ఆమె ఒక్క మాటా అనలేదు. కాని ఆ చీర మళ్ళీ పెట్టె దాటి బయటికి రాలేదు. ఎవరో తల్లి రోజుల తరబడి వేసిన ముడులను ఒక్క రాత్రిలో చెరిపివేశానన్న బాధ నాకు మిగిలింది.

కారణం తరువాత బోధపడింది. నూలుకు రంగు వేసేవారు తొట్టిలో ఉప్పు కలుపుతారు. నీటిలోని రంగును గుడ్డవైపు నెట్టడమే ఉప్పు చేసే పని. రంగును గుడ్డకు శాశ్వతంగా బంధించే శక్తి దానికి లేదు. కనుక చీరనుంచి ఊడిన రంగు ఆ ఉప్పునీటిలో తెల్లచుక్కల మీదికే చేరింది. నూలుతో రసాయన బంధం ఏర్పరచుకొనే రియాక్టివ్ రంగులు 1956లో విపణిలోకి వచ్చాయి. అయితే వాటిలోనూ బంధం ఏర్పడని రంగు కొంత గుడ్డలో మిగిలిపోతుంది. దానిని కడిగివేయకపోతే తొలి ఉతుకులో అదే బయటపడుతుంది.

కాబట్టి రంగు ఊడకుండా చూడటంకంటే, ఊడిన రంగు తిరిగి గుడ్డకు అంటకుండా చూడటం ముఖ్యం. ముందుగా చీర అంచు లోపలివైపు తడి తెల్లగుడ్డతో అద్ది చూడాలి. రంగు అంటితే మొదటి మూడు నాలుగు ఉతుకులు విడిగానే జరగాలి. చన్నీరు సమృద్ధిగా తీసుకొని, ఘాటులేని ద్రవ సబ్బు కొద్దిగా కలిపి, చీరను ఆగకుండా కదుపుతూ కొద్ది నిమిషాల్లో ముగించాలి. నీటికి రంగు తిరిగిన వెంటనే పారబోసి, తేటనీరు వచ్చేవరకు జాడించాలి. మెలిపెట్టి పిండరాదు. తువ్వాలులో చుట్టి అదిమి, మడతలు ఒకదానికొకటి తగలకుండా నీడలో ఆరవేయాలి. తడిచీరను కుప్పగా వదలడం అన్నిటికంటే ప్రమాదం. చుక్కలకు రంగు పాకినట్లు కనిపిస్తే ఆరనీయక, వెంటనే తిరిగి ధారాళమైన నీటిలో జాడించాలి. పట్టు బాంధనీని డ్రైక్లీనింగుకు ఇవ్వడమే మేలు.

గత దీపావళికి మా అమ్మాయి తెచ్చుకొన్న బాంధనీ ఓణీకి తొలి ఉతుకు బాధ్యతను శ్రీమతి నాకే అప్పగించింది. నాలుగు బకెట్ల నీరు ఖర్చయింది. చుక్కలు మాత్రం తెల్లగానే ఉన్నాయి. దండెం మీది ఓణీని వెలుతురుకెత్తి చూసి ఆమె, “ఈసారి ఉప్పు వేయలేదన్నమాట” అన్నది.