రక్తపరీక్ష కాగితము – చేతిపంపు నీరు

ఈ శీర్షికలో ఎక్కువగా యంత్రాల ముచ్చటలే రాస్తూ వచ్చిన మేము, ఈ పర్యాయం ఒక రక్తపరీక్ష కాగితంతో మొదలుపెడుతున్నాము. వార్షిక వైద్య పరీక్షలో చక్కెర కాస్త ఎక్కువగానో, కాలేయ ఎంజైములైన ఎ.ఎల్.టి., ఎ.ఎస్.టి. కాస్త హెచ్చుగానో కనబడితే మనకు వెంటనే స్ఫురించేవి మిఠాయిలు, వయసు, కొందరి విషయంలో మద్యం. త్రాగే నీరు స్ఫురించదు. గంగా మైదానానికి బదిలీపై వెళ్ళిన మన ఉద్యోగులకు అది కూడ స్ఫురించాలి.

పశ్చిమ బెంగాలు, బంగ్లాదేశ్ పల్లెలలో చెరువు నీటి వలన వచ్చే కలరా, అతిసారాలను అరికట్టే సదుద్దేశంతో 1970ల నుండి లక్షల గొట్టపు బావులు దింపారు. నీటిలో సూక్ష్మక్రిములను వెదికారు గాని ఆర్సెనిక్‌ను వెదకలేదు. హిమాలయాల నుండి కొట్టుకువచ్చిన ఒండ్రులో ఇనుపు ఆక్సైడులను అంటిపెట్టుకొన్న ఆర్సెనిక్, ప్రాణవాయువు అందని పొరలలో ఇనుముతోపాటు కరిగి నీటిలో చేరింది. మన నల్లగొండ ఫ్లోరైడు పిల్లల పళ్ళ మీదనే పట్టుబడుతుంది. ఇది ఏళ్ళు గడిస్తే గాని చర్మం మీద మచ్చలుగా బయటపడదు. 1983లో కలకత్తాలో చర్మవైద్యులు కె.సి.సాహా అటువంటి మచ్చలను బట్టే గుట్టు కనిపెట్టారు. ఇంజనీర్లుగా మేము దీనిని మా వృత్తివారి లోపంగానే భావిస్తాము.

దేహంలోకి వచ్చిన ఆర్సెనేట్ ఫాస్ఫేటును పోలి ఉండి, దాని స్థానంలో దూరి, కణం కూడబెట్టవలసిన శక్తిని వృథా చేస్తుంది. ఆర్సెనైట్ మరింత మొండిది. ఎంజైములలోని గంధకపు జతలను బిగించి పట్టుకొంటుంది. గ్లూకోజు దహనంలో కీలకమైన పైరువేట్ డీహైడ్రోజినేజ్ అలా స్తంభిస్తుంది. క్లోమంలోని బీటా కణాల నుండి ఇన్సులిన్ స్రావం తగ్గడం, ఇన్సులిన్ ఉన్నా కొవ్వు కణాలు గ్లూకోజును సరిగా గ్రహించకపోవడం ప్రయోగశాలలలో చూసినవే. తైవాన్ నైరుతి తీరంలో ఇటువంటి బావుల నీరు త్రాగిన పల్లెలలో మధుమేహం ఎక్కువని 1994 నాటి అధ్యయనం తెలిపింది. తక్కువ మోతాదుల విషయంలో మాత్రం పరిశోధకులందరి ఫలితాలు ఒక్క తీరుగా లేవు.

ఆర్సెనిక్‌కు మిథైల్ సమూహాలను తగిలించి మూత్రం ద్వారా పంపే బాధ్యత కాలేయానిది. ఈ పనిలో మధ్యలో పుట్టే కొన్ని రూపాలు అసలు విషం కంటె తీక్ష్ణమైనవి. కణాలు దెబ్బతిన్నప్పుడు వాటిలోని ఎంజైములు రక్తంలోకి వస్తాయి. కాగితం మీది అంకెలు అవే. డాక్టరు గుహ మజుందార్ బృందం బెంగాలు రోగులలో సిర్రోసిస్ లేకుండానే కాలేయం పెరిగి, లోపల నారలా గట్టిపడడం గమనించింది.

గృహిణులకు ఒక మాట. కాచినందువలన ఈ విషం పోదు. నీరు ఆవిరైన కొద్దీ దాని గాఢత పెరుగుతుంది. భారతీయ ప్రమాణం లీటరుకు 10 మైక్రోగ్రాములు. పొరుగింటి పంపును పరీక్షించారు కదా అని ఊరుకోరాదు. పది గజాల దూరంలోని రెండు బావులలోనే ఎంతో తేడా ఉండవచ్చును. మీరు త్రాగే పంపు నీటినే సీసాలో పట్టి పరీక్షకు పంపండి. ఆ ఫలితాన్ని రక్తపరీక్ష కాగితానికి జతపరచి వైద్యునికి చూపండి.