ఆ ఒక్క లైను ఖాళీగా వదలండి

మన ల్యాబ్ మాన్యువల్‌లో హెచ్‌పీఎల్‌సీ ప్రయోగం "మొబైల్ ఫేజ్: మిథనాల్, నీరు, 60:40" అనే లైనుతో మొదలవుతుంది. మిథనాలే ఎందుకని అది చెప్పదు, మేమూ అడగలేదు. రికార్డు రాసేశాం, సంతకం పడింది, మార్కులొచ్చాయి.

వేసవి ఇంటర్న్‌షిప్‌లో చురక తగిలింది. 210 నానోమీటర్ల దగ్గర చూడాల్సిన శాంపిల్ ఇచ్చారు. అలవాటు కొద్దీ మిథనాల్ పెట్టి, పైగా గ్రేడియెంట్ వేశాను. బేస్‌లైన్ ఘాట్ రోడ్డులా ఎక్కుతూ పోయింది, చిన్న పీకులన్నీ అందులో మునిగిపోయాయి. కాలమ్ పాడైందనుకుని రెండు రోజులు దాన్నే కడిగాను! చివరికి ఓ సీనియర్ అక్క వచ్చి, "మిథనాల్ యూవీ కటాఫ్ ఎంత తమ్ముడూ?" అంది. నోరు పెగల్లేదు. అది 205. అసిటోనైట్రైల్‌కైతే 190. కటాఫ్ 205 కదా, 210లో ఫర్వాలేదనుకుంటే పొరపాటే. అక్కడా మిథనాల్ వెలుగుని బాగానే మింగుతుంది, దాని శాతం పెరిగే కొద్దీ బేస్‌లైన్ పైకి పోతుంది.

మనకి మొబైల్ ఫేజ్‌ని కాలమ్ వైపు నుంచే నేర్పుతారు: పోలారిటీ, రిటెన్షన్, అంతే. డిటెక్టర్ ఊసే ఉండదు. యూవీకి ఫాస్ఫేట్ బఫర్ బంగారం. అదే మాస్ స్పెక్ట్రోమీటర్‌లోకి పంపితే ఆవిరి కాదు, ఉప్పుగా పేరుకుపోతుంది. అక్కడ ఫార్మిక్ ఆమ్లమో, అమ్మోనియం ఫార్మేటో వాడాలి. చక్కెరలు యూవీలో సరిగా కనబడవని రిఫ్రాక్టివ్ ఇండెక్స్ డిటెక్టర్ పెడితే, గ్రేడియెంట్ మాట మర్చిపోవాల్సిందే.

"అసిటోనైట్రైల్ ఖరీదు బాబూ" అంటారు సార్లు. నిజమే. అది అక్రిలోనైట్రైల్ తయారీలో వచ్చే ఉప ఉత్పత్తి. 2008-09లో ఆ ఉత్పత్తి తగ్గితే ప్రపంచమంతా ల్యాబులు దానికోసం అల్లాడాయి. 254 దగ్గర కొలిచే మన ప్రయోగానికి మిథనాల్ నిక్షేపంగా సరిపోతుంది కూడా. ఆ మాటే మాన్యువల్‌లో రాయొచ్చుగా!

మనలో కొందరు రేపు జీడిమెట్లలోనో పరవాడలోనో ఏదో ఫార్మా కంపెనీ క్యూసీ ల్యాబ్‌లో కూర్చుంటారు. అక్కడ బేస్‌లైన్‌లో మునిగిన చిన్న పీకు ఎవరో మింగబోయే మాత్రలోని మలినం కావచ్చు.

అందుకే అడుగుతున్నా. డిటెక్టర్, తరంగదైర్ఘ్యం ఇచ్చి, మొబైల్ ఫేజ్ లైను ఖాళీగా వదలండి. మేమే నింపుతాం, కారణం రాస్తాం. తప్పైతే వైవాలో నిలదీయండి. వచ్చే సెమిస్టర్ మాన్యువల్ ప్రింటుకి వెళ్ళేలోపు హెచ్‌ఓడీ గారికి అర్జీ ఇస్తున్నాం. ఇప్పటికి పదకొండు సంతకాలయ్యాయి, కాగితం నా దగ్గరే ఉంది.