కుట్టుసంచిలో నోటుపుస్తకం

ఇంగువ డబ్బా మూత తీసినప్పుడల్లా ఈ మధ్య నాకు కాబూలు గుర్తొస్తోంది. నవ్వకండి. మన పులిహోరలోకీ చారులోకీ వేసే ఇంగువకి ముడిసరుకు చాలావరకు ఆఫ్ఘనిస్తాన్ నుంచే వస్తుందట. అక్కడి సరుకు ఇన్నేళ్ళుగా మన పోపులపెట్టెలో ఉంది గానీ, అక్కడి వంటిళ్ళలో ఆడవాళ్ళు ఎలా బతుకుతున్నారో నేను ఏనాడూ ఆలోచించలేదు.

కిందటి సెలవులకి వచ్చినప్పుడు మా అమ్మాయి మూడు పుస్తకాలు నా ముందు పడేసింది. "అమ్మా, ఒక సీరియల్ మానేసి ఇవి చదువు" అంది. మూడూ ఇంగ్లీషే! నా ఇంటర్మీడియెట్ ఇంగ్లీషుతో రోజుకి నాలుగు పేజీలు, పక్కన డిక్షనరీ, పొయ్యి మీద పప్పు. రెండుసార్లు పప్పు మాడింది. కుక్కర్లో పప్పెలా మాడుతుంది అంటారా? నీళ్ళు పొయ్యడం మరిచిపోతే మాడుతుందండీ.

మొదట చదివింది 'ఎ థౌజండ్ స్ప్లెండిడ్ సన్స్'. 2007లో వచ్చిన నవల. రాసిన ఖాలిద్ హొసేనీ కాబూల్లో పుట్టి, పిల్లవాడిగా ఉండగానే అమెరికా చేరి, అక్కడ డాక్టరయ్యాడు. ఇందులో మరియం, లైలా అని ఇద్దరు సవతులు. ఒకరోజు అన్నం సరిగ్గా ఉడకలేదని భర్త మరియం నోట్లో గులకరాళ్ళు కుక్కి నమలమంటాడు. పళ్ళు విరుగుతాయి. ఆ పేజీ చదివాక పుస్తకం మూసేసి, ఆ పూట నేను అన్నం తినలేకపోయాను. ఇరవై ఏళ్ళుగా రోజూ బియ్యం కడిగి వండుతున్న చేతులు కదా నావి! మొదట్లో ఒకరంటే ఒకరికి గిట్టని ఆ ఇద్దరూ తర్వాత కలిసి కూర్చుని టీ తాగుతారు చూడండి, ఆ ఘట్టం కోసమైనా చదవాలి.

తాలిబన్లు వచ్చాకే అక్కడి కష్టాలు మొదలయ్యాయని అనుకునేదాన్ని. కాదట. 1979 డిసెంబరులో రష్యా సైన్యం వచ్చింది, 1989లో పోయింది. తర్వాత నాయకులు తమలో తామే కొట్టుకుని కాబూలు మీద రాకెట్లు వేసుకున్నారు. 1996 సెప్టెంబరులో కాబూలు తాలిబన్ల చేతికి వచ్చింది. ఆడపిల్లల బడులు మూశారు. తండ్రో భర్తో అన్నో వెంట లేకుండా ఆడది గడప దాటకూడదన్నారు.

రెండోది 'ది బుక్‌సెల్లర్ ఆఫ్ కాబూల్'. నార్వే విలేకరి ఆస్నే సైయర్‌స్టాడ్ ఒక పుస్తకాల వ్యాపారి ఇంట్లో కొన్ని నెలలు ఉండి రాసింది. ఆయన ప్రాణాలకు తెగించి పుస్తకాలు దాచిన మనిషి. కానీ అదే ఇంట్లో ఆయన చిన్న చెల్లెలు లైలా (ఈమె వేరే లైలా) తెల్లవారింది మొదలు అందరికీ చాకిరీ చేస్తూనే ఉంటుంది. ఆ కుటుంబం మాత్రం మా గురించి అన్యాయంగా రాశారని నార్వేలో కోర్టుకెక్కింది. పై కోర్టులో రచయిత్రే గెలిచింది లెండి. అయినా ఒకరి అన్నం తిని వాళ్ళ ఇంటి గుట్టు రాయడం నాకు అంతగా నచ్చలేదు. లైలాని మాత్రం మరిచిపోలేను.

మూడోది క్రిస్టినా లాంబ్ రాసిన 'ది సోయింగ్ సర్కిల్స్ ఆఫ్ హెరాత్'. ఇదే నాకు నిద్ర లేకుండా చేసింది. హెరాత్ ఊళ్ళో 'బంగారు సూది' అని కుట్టుబడి. కుట్టుపని ఆడవాళ్ళ పనేగా, తాలిబన్లు అభ్యంతరం పెట్టలేదు. బురఖాలు వేసుకుని, గుడ్డలూ కత్తెరలూ ఉన్న సంచులు పట్టుకుని ఆడపిల్లలు వెళ్ళేవారు. గుడ్డల అడుగున నోటుపుస్తకాలు! లోపల యూనివర్సిటీ ప్రొఫెసరు సాహిత్యపాఠం చెబుతుంటే, బయట పిల్లలు ఆడుకుంటూ కాపలా కాసేవారు. ఎవరైనా వస్తే సైగ చేసేవారు. అంతే, పుస్తకాలు లోపలికి, సూదులు పైకి.

అందులో చదువుకున్నవాళ్ళలో నదియా అంజుమన్ ఒకతె. 2001లో తాలిబన్లు పోయాక యూనివర్సిటీలో చేరింది. 2005లో ఆమె కవితల పుస్తకం వచ్చింది. అదే ఏడాది నవంబరులో, భర్త కొట్టిన తర్వాత చనిపోయింది. ఇరవై నాలుగేళ్ళు. చంటిబిడ్డ. కొట్టిన మాట నిజమే, చంపలేదన్నాడు భర్త. అతనూ సాహిత్యం చదువుకున్నవాడే! తుపాకుల కాలం దాటి వచ్చిన పిల్ల ఇంట్లో పోయింది.

ఇదంతా పాత కథ కాదు. 2021 ఆగస్టు 15న తాలిబన్లు మళ్ళీ కాబూల్లోకి వచ్చారు. 2022 మార్చి 23న హైస్కూళ్ళు తెరుస్తామంటే ఆడపిల్లలు సంచులు సర్దుకుని వెళ్ళారు. కొద్ది గంటల్లోనే ఇంటికి పొమ్మన్నారు. ఆ డిసెంబరులో యూనివర్సిటీలూ మూసేశారు. ఆరో తరగతి దాటాక ఆడపిల్లకి బడి లేదు.

పక్కింటి పిన్నిగారికి ఇదంతా చెబితే, "మన అదృష్టం అనుకుని దేవుడికి దణ్ణం పెట్టుకో అమ్మాయ్" అన్నారు. అక్కడితో మనకీ పోలిక లేదు, నాకూ తెలుసు. నన్ను ఇంటర్‌తో ఆపింది తుపాకీ కాదు. మంచి సంబంధం వచ్చింది, ఆగిపోయాను. ఎవరూ కేకలు కూడా వెయ్యలేదు. అందుకే ఇన్నాళ్ళూ దాన్ని గురించి ఏమీ అనుకోలేదు.

మా వారి అక్కయ్య కూతురు ఈ ఏడు ఇంటర్ పాసయింది. సంబంధాలు చూస్తున్నారు. ఇదివరకైతే చీరలు ఎక్కడ కొందామని అడిగేదాన్ని. మొన్న ఫోన్లో, "వదినా, పిల్లని డిగ్రీలో చేర్చండి" అన్నాను. "నువ్వు ఇంటర్‌తో సుఖంగా లేవూ?" అన్నారావిడ. నాకు వెంటనే జవాబు తోచలేదు. పెట్టేశాక పది జవాబులు తోచాయి.

కాలేజీ దరఖాస్తుకి ఇంకా తొమ్మిది రోజులుంది. ఆదివారం వాళ్ళింటికి వెళ్తున్నాను. మూడో పుస్తకం సంచిలో పెట్టుకున్నాను, పైన సున్నుండల డబ్బా.