ఊరెళ్ళిపోతే క్యాన్సర్ రాదా?

మొన్న ఆదివారం పొద్దున్న హబ్సిగూడ స్ట్రీట్ నంబర్ 8లో టిఫిన్ చేస్తుంటే, మా టీమ్‌లో పనిచేసే మిత్రుడొకడు ఉన్నట్టుండి అన్నాడు. "గురూ, ఘట్‌కేసర్ అవతల ఓ ఎకరం చూశా. ఇంకో రెండేళ్ళు పనిచేసి వెళ్ళిపోతా. ఈ సిటీలో ఉంటే ఇవాళ కాకపోతే రేపు క్యాన్సరే."

వాడి భయానికి కారణం లేకపోలేదు. వాళ్ళ అపార్టుమెంట్లో రెండేళ్ళలో ఇద్దరు ఆడవాళ్ళకి రొమ్ము క్యాన్సర్ బయటపడింది. ఇద్దరూ నలభైల్లో ఉన్నవాళ్ళే. ఒకావిడ వీడి పక్క ఫ్లాటు. దాంతో మావాడు కూర్చుని నెట్టంతా వెతికాడు. దేశంలో రొమ్ము క్యాన్సర్ రేటులో హైదరాబాదే మొదటి స్థానంలో ఉందని చదివాడు. ఇంకేం, ఎకరం.

నేను ఇడ్లీ తింటూ ఊరుకున్నా. ఎందుకంటే ఆ క్షణంలో నాకు మా దొడ్డమ్మ గుర్తొచ్చింది. ఆవిడ జన్మలో పట్నం ముఖం సరిగ్గా చూడలేదు. ఆ సంగతి తర్వాత చెప్తా.

ముందుగా ఓ మాట. నేను డాక్టర్ని కాదు, మీలాగే కోడు రాసుకు బతికేవాణ్ణి. కాకపోతే అంకెలంటే కొంచెం పిచ్చి. ఇంటికెళ్ళి మావాడు చెప్పినవి నిజమో కాదో చూశా.

నిజమే. జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ కార్యక్రమం 2020లో ఇచ్చిన నివేదిక ఉంది, 2012-16 మధ్య లెక్కలతో. అందులో హైదరాబాద్ జిల్లాలో రొమ్ము క్యాన్సర్ రేటు లక్ష మంది ఆడవాళ్ళకి ఏడాదికి 48. దేశంలో ఏ రిజిస్ట్రీలోనూ అంత లేదు. చెన్నై, బెంగుళూరు, ఢిల్లీ తర్వాత వస్తాయి. అదే నివేదికలో జాబితా అట్టడుగున ఉన్నది మహారాష్ట్రలోని ఉస్మానాబాద్, బీడ్ జిల్లాలు. అక్కడ ఆడవాళ్ళకి అన్ని క్యాన్సర్లూ కలిపినా రేటు 49.4. అంటే మన దగ్గర ఒక్క రొమ్ము క్యాన్సర్ ఎంతో, అక్కడ మొత్తం క్యాన్సర్లన్నీ కలిపి దాదాపు అంత!

"పట్నంలో వయసైన వాళ్ళు ఎక్కువేమో, అందుకే తేడానేమో" అని మీకు డౌటు రావచ్చు. కాదు. ఇవి వయసుకి సర్దుబాటు చేసిన రేట్లు. రెండు చోట్లా వయసుల వాటా ఒకేలా ఉందనుకుని లెక్క కట్టినవి. కాబట్టి ఆ సాకు చెల్లదు.

తేడాలో కొంత అచ్చంగా పట్నం బతుకు వల్లే. మొదటి కాన్పు ముప్ఫై దాటాక, ఒకరో ఇద్దరో పిల్లలు, పాలిచ్చే నెలలు తక్కువ, పొద్దస్తమానం కుర్చీ, పెరిగే బరువు. ఇవన్నీ రొమ్ము క్యాన్సర్ అవకాశాన్ని తలా కొంచెం పెంచుతాయని ఎప్పట్నుంచో తెలిసిందే. ఇందులో ఆడవాళ్ళ తప్పేమీ లేదు, చదువుకుని ఉద్యోగం చేసే ఏ సమాజంలోనైనా ఇది జరిగింది. అయితే ఒకటి. నలభై ఐదేళ్ళు ఇలా బతికేసి, ఆ తర్వాత ఎకరం కొన్నంత మాత్రాన ఆ లెక్క వెనక్కి తిరగదు.

సరే, ఇంతవరకూ మావాడిదే పైచేయి. అసలు ట్విస్టు ఇక్కడుంది.

పైన చెప్పినవన్నీ క్యాన్సర్ 'వచ్చిన' వాళ్ళ లెక్కలు. మరి క్యాన్సర్‌తో 'పోయిన' వాళ్ళ లెక్క? దానికి మిలియన్ డెత్ స్టడీ అని ఒకటుంది. ఆస్పత్రి రికార్డులు చూసి చేసింది కాదది. దేశమంతటా ఎంపిక చేసిన ప్రాంతాల్లో, చావు జరిగిన ఇంటింటికీ సర్వే వాళ్ళు వెళ్ళి, ఇంట్లోవాళ్ళని కూర్చోబెట్టి, పోయే ముందు ఏ లక్షణాలున్నాయి, ఎన్నాళ్ళున్నాయి అని అడిగి రాసుకున్నారు. ఆ కాగితాలు డాక్టర్లు చదివి కారణం తేల్చారు. 2001-03 మధ్య చావుల మీద చేసిన ఆ క్యాన్సర్ లెక్కలు 2012లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. వయసు సర్దుబాటు చేశాక, 30-69 ఏళ్ళ వాళ్ళలో క్యాన్సర్ చావుల రేటు లక్షకి ఇలా ఉంది: పల్లెల్లో మగవాళ్ళు 95.6, ఆడవాళ్ళు 96.6. పట్నాల్లో మగవాళ్ళు 102.4, ఆడవాళ్ళు 91.2.

ఇంకోసారి చదవండి. దాదాపు సమానం. ఆడవాళ్ళ విషయంలో పల్లే కాస్త ఎక్కువ.

వచ్చేవాళ్ళు పట్నంలో అంత ఎక్కువ, పోయేవాళ్ళు మాత్రం రెండు చోట్లా ఒకటే. ఏళ్ళు వేరు, చోట్లు వేరు కాబట్టి ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేసి లెక్క చెప్పలేం. కానీ ఇంత తేడా ఎక్కడో ఒకచోట నుంచి రావాలి కదా. రెండే దార్లు నాకు కనిపిస్తున్నాయి. పల్లెలో క్యాన్సర్ వచ్చినవాళ్ళలో చాలామంది లెక్కలోకి ఎక్కట్లేదు. లేదా, వచ్చినవాళ్ళలో ఎక్కువమంది బతికి బట్టకట్టట్లేదు. రెండూ ఉన్నాయని నా అనుమానం.

మన భాషలో చెప్పాలంటే, ప్రొడక్షన్‌లో ఓ సర్వర్ ఉంది. దాని లాగ్‌లో ఒక్క ఎర్రర్ లేదు. మీరు "ఆహా, ఎంత బాగా నడుస్తోంది" అంటారా, "ఇందులో లాగింగ్ ఆన్ చేశారా అసలు?" అని అడుగుతారా? కాస్త అనుభవం ఉన్న ఎవరైనా రెండోదే అడుగుతారు. పల్లెల విషయంలో మాత్రం మనమంతా మొదటిదే అనేస్తున్నాం.

లాగింగ్ ఎలా జరుగుతుందో కూడా చూడండి. రిజిస్ట్రీ వాళ్ళు ఆస్పత్రులు, ల్యాబులు, మరణ నమోదు కార్యాలయాల చుట్టూ తిరిగి ఒక్కో కేసు పట్టుకుంటారు. ఎవరైనా ఆ ప్రాంతంలో కనీసం ఏడాదిగా ఉంటేనే ఆ రిజిస్ట్రీ లెక్కలో వేస్తారు. పద్ధతి సరైనదే. లేకపోతే ఊళ్ళ నుంచి వైద్యానికొచ్చిన వాళ్ళంతా హైదరాబాద్ ఖాతాలో పడతారు. కానీ దాని అర్థం ఏంటంటే, రిజిస్ట్రీ లేని జిల్లా నుంచి రైలెక్కి రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ఆస్పత్రికొచ్చిన రైతు హైదరాబాద్ రేటులో ఉండడు, సొంత జిల్లా రేటులోనూ ఉండడు. 2020 నివేదికలో ఉన్నవి మొత్తం 28 రిజిస్ట్రీలు. అవన్నీ కలిపి చూసేది దేశ జనాభాలో పదో వంతు. అందులోనూ నగరాలదే పెద్ద వాటా.

పల్లెల్లో లెక్కే లేదని కూడా అనను. మహారాష్ట్రలోని బార్శిలో 1987 నుంచీ గ్రామీణ రిజిస్ట్రీ ఉంది. ఊరూరా తిరిగి, జనాన్ని కలిసి, లక్షణాలున్న వాళ్ళని ఆస్పత్రికి పంపించి మరీ రాసుకుంటారు. అంత కష్టపడినా అక్కడ రేటు ముంబై కన్నా బాగా తక్కువే. కాబట్టి తేడా మొత్తం లెక్కల మాయే అంటే అదీ అబద్ధమే అవుతుంది. నేననేది ఒకటే, తక్కువ రేటుని ఆరోగ్యం అనుకోకండి.

ఇప్పుడు మా దొడ్డమ్మ సంగతి.

మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రానికి దగ్గర పల్లె. మా వైపు ఆడవాళ్ళు చుట్ట తాగడం వింత కాదు. అదీ అడ్డపొగ. అంటే వెలిగించిన కొస నోట్లో పెట్టుకుని తాగడం. చూడనివాళ్ళు నమ్మరు. నీళ్ళలో, గాలిలో పనిచేసేటప్పుడు చుట్ట ఆరిపోదని, బూడిద పడదని అలవాటైందంటారు. నిప్పు నేరుగా అంగిలికి తగులుతుంటుంది. మా దొడ్డమ్మ తెల్లారి లేచిన దగ్గర్నుంచి అలాగే తాగేది. నేను ఇంటర్ చదివేటప్పుడు ఆవిడ నోట్లో పైన పుండు లేచింది. వేడి చేసిందన్నారు. ఊళ్ళో ఆర్.ఎం.పి. డాక్టరు పూతమందిచ్చాడు. ఐదారు నెలలు అదే. విశాఖ తీసుకెళ్ళేసరికి మింగడానికి నీళ్ళు కూడా దిగట్లేదు. 1998లో పోయింది. అరవై కూడా నిండలేదు. పంచాయతీ పుస్తకంలో ఏం రాశారో తెలీదు గానీ, ఊళ్ళో మాత్రం "నోటి పుండుతో పోయింది" అనే అంటారు. మా ఇంట్లో క్యాన్సర్ అన్న మాట నేను ఎవరి నోటా వినలేదు.

ఆవిడ ఏ లెక్కలోనైనా ఉందంటారా?

బాధేంటంటే ఇది ఎవరికీ తెలీని రహస్యం కాదు. అడ్డపొగకీ అంగిలి క్యాన్సర్‌కీ ఉన్న సంబంధం గురించి 1957లోనే ఇద్దరు డాక్టర్లు రాశారు, కోస్తా ఆంధ్ర రోగులని చూసే. 1971లో ఒక పరిశోధన వచ్చింది, ఆంధ్ర పల్లెల్లో 10,169 మంది నోళ్ళు పరీక్షించి. వాళ్ళలో వందకి నలభై మందికి పైగా అడ్డపొగ తాగేవాళ్ళే. అంతెందుకు, నేను రోజూ మెట్రోకి వెళ్తూ చూసే తార్నాక జాతీయ పోషకాహార సంస్థ, అదే ఎన్.ఐ.ఎన్., అక్కడి శాస్త్రవేత్తలు కూడా 1990లలో అడ్డపొగ తాగేవాళ్ళ మీద ప్రయోగం చేశారు. విటమిన్ ఎ, రైబోఫ్లేవిన్, జింక్, సెలీనియం ఏడాది పాటు ఇస్తే, నోట్లో క్యాన్సర్‌కి ముందు వచ్చే మచ్చలు చాలామందిలో తగ్గాయని 1995లో ప్రచురించారు. ఈ మధ్యే అది చదివి, ఆ గేటు ముందు కాసేపు నిలబడిపోయా. పరిశోధన మా వైపు మనుషుల మీద, ఫలితం తార్నాకలో ఫైల్లో, మా దొడ్డమ్మకి పూతమందు. ఆ శాస్త్రవేత్తలని అనట్లేదు, వాళ్ళ పని వాళ్ళు చేశారు. మధ్యలో ఉండాల్సినవాళ్ళే లేరు.

పల్లెకి క్యాన్సర్ రాకపోవడం కాదు, పల్లె క్యాన్సర్లు వేరు. పొగాకు వల్ల వచ్చే నోటి క్యాన్సర్, ఆడవాళ్ళకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. ఈ రెంటికీ ఓ మంచి గుణం ఉంది, ముందుగా చూస్తే దొరికిపోతాయి. నోట్లోకి టార్చి వేసి చూస్తే చాలు మొదటిదానికి.

రెండోదానికి ఏం చెయ్యచ్చో చూపించింది, నమ్మండి, ఆ జాబితా అట్టడుగున ఉన్న ఉస్మానాబాదే. 2023లో ధారాశివ్ అని పేరు మార్చారు. 1999లో మొదలుపెట్టి అక్కడి పల్లెల్లో 30-59 ఏళ్ళ మధ్య 1,31,746 మంది ఆడవాళ్ళని గుంపులుగా విడదీసి ఎనిమిదేళ్ళు గమనించారు. ఒక గుంపుకి హెచ్.పి.వి. పరీక్ష ఒక్కసారి, జీవితంలో ఒకే ఒక్కసారి చేసి, తేడా ఉన్నవాళ్ళకి వైద్యం చేశారు. ఆ గుంపులో ఈ క్యాన్సర్‌తో పోయినవాళ్ళు 34 మంది. దాదాపు అంతే మంది ఉన్న, పరీక్షలు చెయ్యని గుంపులో 64. ఆ రెండో గుంపుని అలా వదిలెయ్యడం న్యాయమా అని తర్వాత గట్టి విమర్శలొచ్చాయి, రావాల్సిందే. కానీ 2009లో ఆ ఫలితాలొచ్చాక ఇంక ఎవరూ "పల్లెల్లో ఇది కుదరదు" అనడానికి లేదు. దేశంలోకెల్లా రేటు తక్కువున్న చోట కూడా, ఆపగలిగిన చావులు అన్ని ఉన్నాయి.

మరి మనం చేస్తున్నదేంటి? ముప్ఫై దాటిన వాళ్ళకి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం పరీక్షలు చెయ్యాలని 2016లోనే కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అడిగితే, 30-49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భాశయ ముఖద్వార పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నవాళ్ళు వందకి 1.9. ఇద్దరు కూడా లేరు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, జబ్బు తేలాక వైద్యానికి డబ్బిచ్చింది. మంచిదే. కానీ జబ్బు తేలడమే పల్లెలో ఆలస్యమైతే ఆ డబ్బు ఏ దశలో ఖర్చవుతుందో ఆలోచించండి.

మావాడి పక్క ఫ్లాటు ఆవిడకి ఆఫీసు హెల్త్ చెకప్‌లో బయటపడింది. ఆపరేషన్ అయింది, మందులు అయ్యాయి, మళ్ళీ పొద్దున్నే ఉస్మానియా క్యాంపస్‌లో వాకింగ్‌కి వస్తోందిట. హైదరాబాద్ 48 అన్న అంకెలో అలాంటి ఆవిడలు కూడా ఉన్నారు. ఆ అంకె చూసి నాకు భయం కన్నా, కనీసం ఇక్కడ కనిపెడుతున్నారన్న ధైర్యమే ఎక్కువేసింది.

పోయిన నెల అమ్మ ఊర్నుంచి వచ్చింది. అరవై రెండేళ్ళు. పరీక్షలకి రమ్మంటే "పల్లెటూరోళ్ళం, కాయకష్టం సేసినోళ్ళం, నాకేటవుద్దిరా" అంది. మావాడి మాటే, యాస తేడా అంతే. రెండ్రోజులు బతిమాలి తీసుకెళ్ళా. నోరు, రొమ్ము, గర్భాశయం అన్నీ చూశారు. ఏమీ లేదన్నారు. "సెప్పాను కదా, డబ్బులు దండగ" అని ఆటోలో సాధించింది.

తార్నాక సిగ్నల్ దగ్గర ఆటో ఆగినప్పుడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లిగా అంది. "మీ చిన్నత్త నోట్లో తెల్లగా ఏదో నేచిందంటంది రా, రెణ్ణెల్లయింది. దానికీ ఓసారి సూపిస్తావేటి?"

చిన్నత్త ఇంకా అడ్డపొగ మానలేదు. వచ్చే వారం నేను ఊరెళ్తున్నా, ఆవిణ్ణి విశాఖ తీసుకెళ్ళడానికి. మీరూ ఈసారి ఊరెళ్ళినప్పుడు, పొలాల ఫోటోలు తీసుకునే ముందు, ఇంట్లో పెద్దవాళ్ళని ఓసారి నోరు తెరవమనండి.