యువజట్టు గెలువగలదా?

అనుభవం లేని యువజట్టు సెమీఫైనల్ చేరగలదా అన్న చర్చ ప్రతి పోటీకి ముందూ వినిపిస్తుంది. నిరుటి ఓటములను చూపి చేరలేదని తేల్చడం తొందరపాటు. 2008 ఐ.పి.ఎల్.లో హైదరాబాదు జట్టు దక్కన్ ఛార్జర్స్ 14 మ్యాచ్‌లలో రెండే గెలిచి అట్టడుగున నిలిచింది. 2009లో అదే జట్టు ఫైనల్లో బెంగళూరును 6 పరుగుల తేడాతో ఓడించి విజేత అయింది. ఆ ఫైనల్లో మూడు వికెట్లు తీసిన ప్రజ్ఞాన్ ఓఝాకు 22 ఏళ్లే. అయితే యువశక్తి ఒక్కటే గెలుపు తేలేదు. సెమీఫైనల్లో 35 బంతుల్లో 85 పరుగులు చేసిన 37 ఏళ్ల నాయకుడు గిల్‌క్రిస్ట్ అనుభవం దానికి తోడైంది. పాలకీడులో కబడ్డీ ఆడే యువకులకైనా ఇంతే. ఉత్సాహానికి పెద్దల శిక్షణ తోడు కావాలి. కనుక జట్టు భవిష్యత్తును నిరుటి పట్టికలో కాక నేటి సాధనలో వెదకడం న్యాయం.